నేను మందు అన్న సీసా

ఆ సీసాలో ఉన్నదాన్ని మందు అన్నది నేనే. అత్త కాదు. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ తారీఖు కింద "అత్త కాయలు పాడయ్యాయి. ఎండ ఎక్కువగా ఉంది" అని రెండు ముక్కలు రాసి ఊరుకున్నాను. నా డైరీ ఎవరూ చదవరు. అయినా అందులో కూడా నిజం రాయలేకపోయాను.

అత్త అంటే మా నాన్నకి అక్క. దివిసీమలో, పులిగడ్డ దాటాక, కృష్ణ ఒడ్డునున్న ఊళ్ళో ఉండేది. మావయ్య పోయాక అరటికాయల వ్యాపారం తనే నడిపింది. లంకల్లో గెలలు కోయించి, ఇంటి పక్కనున్న రేకుల షెడ్డుకి తెప్పించి, అత్తాలుగా విడగొట్టి, కడిగి, ఆరబెట్టి, ప్లాస్టిక్ పెట్టెల్లో సర్ది గుడివాడ పంపేది. గుడివాడలో పళ్ళ కొట్టు బావది, అంటే అత్త కొడుకుది. అత్తం అంటే గెలలో ఒక వరుస కాయలు. చిన్నప్పుడు నేను అవి అత్త చేతిలో ఉంటాయి కాబట్టే వాటికా పేరొచ్చిందనుకునేదాన్ని. ఆ మాట ఒకసారి పైకి అంటే అత్త కత్తి కింద పెట్టి మరీ నవ్వింది. మేము బందరులో ఉంటాం. మచిలీపట్నం అన్న పేరు బస్సు బోర్డు మీదా నా సర్టిఫికెట్ల మీదా తప్ప మా ఇంట్లో ఎవరి నోటా రాదు.

గెల నుంచి అత్తాన్ని కోసినప్పుడు కోసినచోట తెల్లగా గాయం మిగులుతుంది. బూజు అక్కణ్ణుంచే లోపలికి వెళ్తుంది. ముందు ఆ మొదలు నల్లబడుతుంది, తర్వాత బూడిదరంగు నూగు పడుతుంది, కాయ పండే వేళకి తొడిమలు మెత్తబడి పళ్ళు ఒక్కొక్కటే ఊడి రాలతాయి. అది రాకుండా అత్త ఒక తెల్లపొడిని తొట్టి నీళ్ళలో కలిపి, ప్రతి అత్తాన్నీ అందులో ముంచి తీసేది. చేత్తోనే. ఇరవై ఏళ్ళు పైబడి, వారానికి రెండు లోడ్లు.

ఆ చేతుల గురించి రాయాలి. వేళ్ళ మధ్య చర్మం ఎప్పుడూ తడిసిన కాగితంలా ఉండేది. అరచేతులు పొరలు పొరలుగా లేచిపోయేవి. గోళ్ళు పసుపుపచ్చగా, మెత్తగా అయిపోయాయి. కూరలో కారం తగిలితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి కాబట్టి స్పూనుతో తినేది.

"ఏంటొదినా, దొరసానిలా ఆ స్పూనేంటి?" అని పక్కింటావిడ ఎగతాళి చేస్తే, "మా కోడలు నేర్పిందమ్మా, చదువుకున్న పిల్ల" అని నా మీద పెట్టేసేది.

నెలకో ఆదివారం గుడిలో, అంటే చర్చిలో, ప్రభువు బల్ల రొట్టె తీసుకునేటప్పుడు అందరూ చేతులు చాపుతారు. అత్త మాత్రం పమిట చెంగు చేతుల మీద పరిచి దాని మీద రొట్టె వేయించుకునేది. చూసినవాళ్ళు భక్తి అనుకునేవాళ్ళు. సిగ్గని నాకు తెలుసు. నాదీ సిగ్గుపడే స్వభావమే కదా.

బందరులో డాక్టరుగారు గ్లౌజులు వేసుకోమన్నారు. గ్లౌజుకి అరటి జిగురు అంటుకుంటే కత్తి జారుతుంది. ఒకసారి బొటనవేలు తెగాక అత్త వాటిని విప్పేసి షెడ్డు కిటికీకి తగిలించింది. అవి అక్కడే ఎండి గట్టిపడిపోయాయి.

నేను బందరులోనే మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చదువుతున్నాను. ప్రాజెక్టు ఎంచుకోమన్నప్పుడు మా క్లాసులో అందరూ చకచకా ఏవో పేర్లు చెప్పారు. నేను మాత్రం ఒక కాగితం మీద రాసి మేడమ్‌గారి టేబుల్ మీద పెట్టి వచ్చేశాను. కోసిన కాయలు కుళ్ళకుండా ఈస్ట్ కణాలని వాడడం గురించి లైబ్రరీలో చదివాను. ఎందుకు చదివానో ఆ కాగితం మీద రాయలేదు.

మేడమ్‌గారు విషయాన్ని బస్సుతో పోల్చి చెప్పారు. "కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టుకోమా? ఇదీ అంతే. కోసినచోట ఊరే తీపి కోసం బూజు వస్తుంది. అది రాకముందే ఈ ఈస్ట్ వెళ్ళి కూర్చుంటే, ఆ తీపి ఇదే తినేస్తుంది, చోటంతా ఇదే ఆక్రమిస్తుంది. బూజుకి నిలబడే చోటుండదు. కాయకి ఏమీ కాదు, తినేవాళ్ళకీ ఏమీ కాదు." "కాకపోతే ఒకటి, కూర్చునేవాడు బతికుండాలి" అన్నారు.

అత్త షెడ్డులో మూలనున్న బుట్టలో, పొడి నీళ్ళు తగలని కాయలు కొన్ని ఎప్పుడూ ఉండేవి, ఇంట్లోకని. వాటిలో కొన్ని ఎన్నాళ్ళైనా కుళ్ళేవి కావు. ఆ కాయల తొక్క మీంచే నేను ఈస్ట్ తీశాను. నెలల తరబడి పెంచి చూశాను. ల్యాబ్‌లో రెండు పెట్టెలు పెట్టాను, ఈస్ట్ నీళ్ళలో ముంచినవి ఒకదాంట్లో, మామూలు నీళ్ళలో ముంచినవి ఇంకోదాంట్లో. మామూలు నీళ్ళవి నల్లబడ్డాయి. నావి పచ్చటి మొదళ్ళతోనే పండాయి. ఆ రోజు డైరీలో పేజీన్నర రాశాను. అందులో సగం అత్త చేతుల గురించే.

మేడమ్‌గారు ఒప్పుకున్నారు. "ఒక్క పెట్టెకే చేసి చూపించు. చల్లగా తీసుకెళ్ళు, మర్నాడే వాడించు" అన్నారు. మే నెల ఆదివారం. చిక్కటి ఈస్ట్ నీళ్ళున్న సీసాని మా ఇంటి పెద్ద ఫ్లాస్కులో ఐసుముక్కల మధ్య పెట్టుకుని బస్సెక్కాను. అత్తకి చెప్పాల్సిన మాటలు ముందే రాసుకున్నాను. "అత్తా, ఇది మందు కాదు, ప్రాణమున్నది, నీ కాయల మీద ఉండేదే" అని దారంతా నాలో నేను అనుకుంటూనే ఉన్నాను.

నేను వెళ్ళేసరికి అత్త ఒంటరిగా లేదు. గుడి నుంచి వచ్చిన పక్కింటావిడ వరండాలో కూర్చునుంది. బావ కూడా గుడివాడ నుంచి ట్రాలీ ఆటో వేసుకుని వచ్చున్నాడు.

"ఏంటి మరదలా, అంత భద్రంగా పట్టుకొచ్చావు ఫ్లాస్కులో?" అన్నాడు.

"ఈస్ట్" అన్నాను.

"ఈస్టా? వెస్ట్ ఎక్కడ పెట్టావు?"

అందరూ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి.

"అంటే ఏంటమ్మా, పురుగులా?" అంది పక్కింటావిడ.

"కాదండీ... సూక్ష్మ..." అని ఆగిపోయాను.

"నాకు తెలుసులే. కల్లు పొంగేది దాంతోనేగా!" అన్నాడు బావ.

అత్త మొహం మారిపోయింది. మావయ్య పోయింది తాగుడు వల్లే. ఆ ఇంట్లో కల్లు అనే మాట కూడా వినపడకూడదు. బావ నాలిక్కరుచుకున్నాడు. అందరూ నా వైపు చూస్తున్నారు. దారంతా అనుకున్న వాక్యంలో ఒక్క ముక్క కూడా గుర్తులేదు.

"కాదత్తా. మందు. కాయలకి మందు" అన్నాను.

"అలా చెప్పు మరి" అంది అత్త, ఊపిరి వదిలి.

"కల్లు కాదట, మందట! రెండూ ఒకటేగా మరదలా!" అన్నాడు బావ. ఈసారి అత్త కూడా నవ్వింది.

తర్వాత అత్త సీసా తీసి మూత తిప్పి వాసన చూసింది. "ఇడ్లీ పిండి వాసనొస్తోందేంటే?" అంది.

ఆ ఒక్క మాట అందుకుని ఉంటే సరిపోయేది. నేను తల ఊపాను. అంతే.

"ఇందులో చెయ్యి పెడితే మండదా?"

"మండదత్తా. ఏమీ అవదు."

"నిజంగా?" అని అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుంది. పొరలు లేచిన చర్మం మీద అవి కాసేపు నిలిచాయి. అత్త వాటినే చూస్తూ కూర్చుంది. "ఇది గనక పనిచేసిందనుకో, ఆ పొడి మొహం మళ్ళీ జన్మలో చూడను. చేత్తో అన్నం తింటాను" అంది.

మర్నాడు నాకు ప్రాక్టికల్స్. సాయంత్రం బస్సుకే తిరిగి వచ్చేశాను. "రేపే వాడెయ్యి అత్తా, ఒక్క పెట్టెకే" అని గేటు దగ్గర చెప్పాను. ఎందుకు రేపే వాడాలో చెప్పలేదు. బావ ఆటో తిప్పుతూ హారను కొడుతున్నాడు, నన్ను బస్సు దగ్గర దింపడానికి.

సోమవారం లంక నుంచి లోడు రాలేదు. ట్రాక్టరు పాడైందట. గురువారం వచ్చింది. అది కూడా నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

పై వారంలో బావ ఫోన్ చేశాడు. "మరదలా, నీ మందు కొట్టి కాయలన్నీ పడిపోయాయి. ఒక్కటీ లేచి నిలబడడం లేదు!" అన్నాడు. ముందు నవ్వుతూనే అన్నాడు. నేను మాట్లాడకపోయేసరికి గొంతు తగ్గించి, "అమ్మ కూడా ఇక్కడే ఉంది. ఒకసారి వచ్చి చూడు" అన్నాడు.

గుడివాడ వెళ్ళాను. కొట్టు వెనక పెట్టెలు వరుసగా పెట్టున్నాయి. అత్త ఒక్క పెట్టెతో ఆగలేదు. కోడలు తెచ్చిందని లోడంతటికీ అదే వాడింది. నేను వెళ్ళాక ఒక అత్తాన్ని మొదలు పట్టుకుని పైకెత్తి చూపించింది. పళ్ళన్నీ ఊడి పెట్టెలోకి రాలాయి. నల్లటి మొదలొక్కటే చేతిలో మిగిలింది. దాని మీద బూడిదరంగు నూగు.

"నీ మందుదేం లేదులేమ్మా. నా చెయ్యే మంచిది కాదు" అంది అత్త.

"సీసా ఎక్కడ పెట్టావత్తా?" అని అడిగాను.

"షెడ్డులో, రేకుల కింద దూలం మీద. పొడి డబ్బాల పక్కన. అన్నట్టు, మందు సీసాని మంచినీళ్ళ ఫ్లాస్కులో పెట్టుకొస్తారటే పిచ్చిమొహమా? నువ్వెళ్ళగానే సీసా బయటికి తీసి, ఫ్లాస్కు చింతపండేసి మూడుసార్లు తోమాను."

అది ఆ ఇంటి కట్టుబాటు. మందన్నది గడప దాటి లోపలికి రాకూడదు. ఎప్పుడో వాళ్ళ వీధిలో ఒకాయన పొలం మందున్న సీసాని నీళ్ళ సీసా అనుకుని తాగి చనిపోయాడు. అప్పటినుంచి అత్త ఇంట్లో మందుకి చోటు షెడ్డులోనే, అదీ అందనంత ఎత్తులో. ఇక ఫ్రిజ్ సంగతి చెప్పాలా? మే నెలలో రేకుల కింద, నాలుగు పగళ్ళు. దూలానికి చెయ్యి ఆనిస్తే కాలుతుంది.

సీసా అడుగున కొంచెం మిగిలితే, పారబొయ్యడానికి మనసొప్పక అత్త తన వెంట తెచ్చింది. దాన్ని బందరు తీసుకెళ్ళి ల్యాబ్‌లో ప్లేట్ల మీద పరిచాను. మొదటి రోజు చూశాను, రెండో రోజు చూశాను, మూడో రోజు కూడా. మీగడలాంటి తెల్లచుక్కలు రావాలి. ఒక్కటీ రాలేదు. అత్త ఆ గురువారం తొట్టిలో కలిపింది చచ్చిన ఈస్ట్‌ని. తన చేతిలో తప్పు లేదు.

ఫోన్ చేసి ఆ ముక్క చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఫోన్ తీసేదాన్ని, పెట్టేసేదాన్ని. చెప్తే, మరి ఆ రోజు మందని ఎందుకన్నావని అడుగుతారు. బావ అడుగుతాడు, మేడమ్‌గారు అడుగుతారు. నలుగురూ చూస్తుంటే నోరు పెగల్లేదని చెప్పుకోవాలి. అది చెప్పుకోవడానికి కూడా నోరు పెగల్లేదు.

ఇంకో సీసా తెస్తానని మాత్రం ఒకసారి అన్నాను. "వద్దమ్మలూ, మళ్ళీ పాడైతే మీ బావ నిన్నంటాడు. నా వల్ల నీకు మాట రావడం ఎందుకు?" అంది అత్త. ఆ వారమే కొత్త పొడి డబ్బా తెప్పించింది. తర్వాత నేను వెళ్ళిన ప్రతిసారీ తొట్టి దగ్గరే కనపడేది, మోచేతుల దాకా తెల్లగా.

వానాకాలం వెళ్ళింది. చలి మొదలవుతుండగా మేడమ్‌గారు కోడూరు వైపు ఒక ఊళ్ళో జామ, అరటి పండించే ఆడవాళ్ళకి ఈ పద్ధతి చూపించడానికి వెళ్తూ నన్ను తోడు తీసుకెళ్ళారు. చెప్పాల్సింది ఆవిడే. కానీ దుమ్ముకి గొంతు పట్టేసి, "నువ్వే చెప్పు" అని నా వైపు చెయ్యి చూపించారు. పదిహేను మంది ఉంటారు. ఎదురుగా ఒకావిడ ఒళ్ళో పసిపిల్లకి గిన్నెలోంచి పెరుగన్నం పెడుతోంది.

"ఇది తోడండీ" అన్నాను. "పాలకి తోడు వేస్తాం కదా. ఇది కాయలకి తోడు. ప్రాణముంటుంది. ముందే మనం వేసేస్తే, పాడుచేసేది వచ్చి చేరదు."

నేను ఆగాను. ఎవరూ నవ్వలేదు.

"అయితే ఎండలో పెట్టకూడదుగా?" అంది ఒకావిడ.

"మరిగే నీళ్ళలో కలిపితే చచ్చూరుకుంటుంది కూడా" అంది ఇంకొకావిడ.

"ఫ్రిజ్‌లో పెరుగు పక్కన పెట్టుకుంటాం" అంది పసిపిల్ల తల్లి.

నేను చెప్పాల్సిందేమీ మిగల్లేదు. మంచినీళ్ళ నెపం మీద బయటికి వచ్చి పంపు దగ్గర నిలబడ్డాను. ఇంత చిన్న మాట. రోజూ సాయంత్రం అమ్మ పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక అనే మాట. పుస్తకాల్లో వెతికాను కానీ వంటింట్లో వెతకలేదు. అత్తకి ఈ మాట చెప్పి ఉంటే సీసా ఫ్రిజ్‌లో పెట్టేది. గురువారం దాకా అది బతికుండేది.

ఆ ఆదివారం వెళ్ళి చెప్పేయాలని నిర్ణయించుకున్నాను. మొత్తం చెప్పాలి, మందు అన్నది నేనని, నీ చేతిది తప్పు కాదని. కొత్త సీసా కూడా సిద్ధం చేసి ల్యాబ్ ఫ్రిజ్‌లో పెట్టాను.

శుక్రవారం బావ ఫోన్ చేశాడు. ఈసారి హాస్యమాడలేదు. అత్త కుడిచేతి వేళ్ళ మధ్య పగుళ్ళు చీము పట్టి, చెయ్యి మోచేతి దాకా వాచిందట. నాలుగు రోజులుగా జ్వరమున్నా లోడు ఉందని ఎవరికీ చెప్పలేదట. బందరు ఆసుపత్రికి తీసుకొచ్చారు. అత్తకి షుగరు ఉందని అక్కడే తెలిసింది. షుగరు ఉన్నవాళ్ళకి చేతి పుండు తేలిగ్గా మానదని, విషం రక్తంలోకి ఎక్కిందని డాక్టరుగారు నాన్నతో చెబుతుంటే నేను గోడ పక్కన నిలబడి విన్నాను. పొడి వల్లే అని ఆయన అనలేదు. నేనూ అనలేను. చర్మం తెగిన చోటు నుంచే లోపలికి వెళ్ళిందని మాత్రం నాకు తెలుసు. అది చదవడమే కదా నా చదువు.

శనివారం మధ్యాహ్నం నుంచి అత్త ఎవరితోనూ మాట్లాడలేదు. సోమవారం తెల్లారుతుండగా పోయింది. సమాధి దగ్గర పక్కింటావిడ నన్ను పట్టుకుని, "నీ గురించే ఎప్పుడూ చెప్పేదమ్మా" అని ఏడ్చింది. ఏం చెప్పేదో అడగలేకపోయాను.

ఆసుపత్రిలో ఆ శనివారం ఉదయం మాత్రం అత్త తెలివిగానే ఉంది. బావ బిల్లల కోసం మందుల షాపుకి వెళ్ళాడు. నాన్న బయట బెంచీ మీద ఉన్నాడు. గదిలో మేమిద్దరమే. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద ఉంది, నాకు తెలిసిన చేతికి రెండింతలు లావుగా. ఎడమచేత్తో అత్త నా చున్నీ కొస సవరించింది. ఇంతకన్నా సమయం రాదనిపించింది. కూర్చున్నదాన్ని లేచి నిలబడి, మంచం రెయిలింగు పట్టుకుని, "అత్తా, వేసవిలో కాయలు పాడయ్యాయే, అది నీ చేతి వల్ల కాదు. నేను ఆ రోజు..." అన్నాను.

అంతవరకే అన్నాను. అత్త నా మొహంలోకి చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, జ్వరానికి. నేనేదో కాయల గురించి దిగులు పడుతున్నానని అనుకుందో, ఇంకేమనుకుందో.

"అవన్నీ తర్వాత చెబుదువుగానిలేమ్మా. పొద్దుటనుంచీ ఏమీ తిన్నట్టు లేవు, మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. ముందెళ్ళి ఏదన్నా తినిరా."